మణికట్టుకు మూడు వేళ్ళ దూరంలో

ఈ పూట మీతో వంటల గురించి కాదు, అల్లికల గురించి కాదు, వాంతుల గురించి మాట్లాడబోతున్నాను. వంట చేసుకునే వేళ ఇదేం మాటని మొహం చిట్లించుకోకండి. మన ఇళ్ళలో కేన్సరు వచ్చిన మనిషి మంచంలో వుంటే, డాక్టరు చూసేది గ్లాసు తలుపు అవతలి రోగాన్ని. రాత్రి రెండు గంటలకు తట్ట పట్టుకుని పక్కన కూర్చునేది మాత్రం మనమే. కాబట్టి ఈ మాట మనకే చెందుతుంది.

మా ఆయన అక్కగారిది జూపాడు బంగ్లా. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు పోయే దారిలో వస్తుంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా అయింది. పేరులోనే బంగ్లా, మా వదినది మాత్రం మట్టి మిద్దె. కాలవ నీళ్ళ కింద నాలుగెకరాల వరి, రెండు ఎనుములు, ఒక మనవరాలు, ఇదీ ఆమె లోకం. ఏనాడూ తలనొప్పి అని పడుకున్న మనిషి కాదు. అటువంటామెకు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషను బాగానే జరిగింది. ఆ తరువాత మూడు వారాలకొకసారి సూది మందు ఎక్కించాలన్నారు. మొదట నాలుగు, ఆ పైన వేరే మందు ఇంకొన్నిసార్లు.

ఆ మొదటి మందు రంగు ఎరుపు. డాక్సోరూబిసిన్ అని దాని పేరు. దానితో పాటు ఇంకొకటి కలిపి ఇస్తారు. ఆసుపత్రి వరండాల్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగదు, అందరూ ‘ఎర్రసూది’ అంటారు. కేన్సరు మందుల్లో కడుపును బాగా తిప్పే జోడీ ఇది. మొదటిసారి వేయించుకుని మా వదిన సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయింది. రాత్రి మొదలైన వాంతులు మరునాడు మధ్యాహ్నానికి గాని ఆగలేదు. రెండోసారి ఇంకా ఎక్కువ. వంటింట్లో తిరగమాత వేస్తే చాలు, వీధి అరుగు మీద కూర్చున్నామె లేచి పెరట్లోకి పరిగెత్తేది. బుడ్డలు వేయిస్తున్న వాసన కూడా పడలేదట. జన్మంతా బుడ్డల ఊరిబిండితో రొట్టె తిన్న మనిషికి!

మూడోసారి వచ్చే రోజున నేను కర్నూలు బస్టాండులో కాచుకుని వున్నాను. రెండు బస్సులు వచ్చాయి, మూడు బస్సులు వచ్చాయి, వదిన రాలేదు. ఫోను చేస్తే తెలిసింది. ఇల్లు కదిలేటప్పుడు బాగానే వుందట. నందికొట్కూరు బస్టాండులో కర్నూలు బస్సు బోర్డు చూడగానే కడుపులో తిప్పి, అక్కడికక్కడే వాంతి చేసుకుని, కొడుకు ఎంత చెప్పినా వినకుండా వెనక్కి తిరిగి పోయిందట.

మా ఆయనకు కోపం వచ్చింది. “దానికి భయం తప్ప ఏం లేదు, నాలుగు తిడితే వస్తుంది” అన్నారు. తిడితే వచ్చేది వాంతి కాదు గదా! నేను మరునాడే జూపాడు బంగ్లా పోయాను. నన్ను చూడగానే వదిన ముందే చెప్పేసింది.

“నువ్వు ఎందుకొచ్చినావో నాకు తెలుసులే. సచ్చిపోయినా పర్వాలేదు గానీ మళ్ళా ఆ ఎర్రసూది మాత్రం నేను ఏయించుకోను పో.”

“మానుకుంటే ఏమవుతుందో తెలుసు గదా వదినా?”

“తెలుసు. అది ఎప్పుడో వచ్చే సావు. ఇది మూడు వారాలకోసారి వచ్చే సావు.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నీళ్ళు తాగుదామని లోపలికి పోతే, దీపం గూట్లో మాత్రల అట్టలు కనిపించాయి. తీసి చూశాను. రెండు సూదులకు ఇచ్చిన మాత్రలూ అట్లాగే వున్నాయి, ఒక్కటి చిదపలేదు. అవి వాంతులు రాకుండా ఇచ్చిన మాత్రలు! “ఇవెందుకు వేసుకోలేదు?” అంటే, “సూదితోనే ఒళ్ళంతా వేడి చేసింది, మళ్ళా మాత్రలు కూడానా?” అన్నది. అవి ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాగితం మీద రాసి ఇచ్చారు, అంతే. ఆసుపత్రి పేరు ఎందుకులెండి. అక్కడ పనిచేసే వాళ్ళకూ రోజుకు ఎంతమందో. కాని ఆ ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం దొరకనందుకు ఒక మనిషి వైద్యమే మానేసే వరకు వచ్చింది.

కడుపు ఎందుకు తిప్పుతుందో ఆ తరువాత నేను అడిగి తెలుసుకున్నాను. మన పేగుల లోపలి పొరలో కొన్ని కణాలున్నాయి. ఈ మందులు తగిలినప్పుడు అవి సెరటోనిన్ అనే పదార్థాన్ని విడుస్తాయి. అది వేగస్ అనే నాడిని రెచ్చగొడితే, ఆ నాడి టెలిగ్రాము కొట్టినట్టు మెదడుకు కబురు పంపుతుంది: విషం వచ్చింది, కక్కేయి, అని. ఒళ్ళు తన పని తాను చేస్తోంది, అది మందో విషమో దానికి తెలియదు. మొదటి రోజు వచ్చే వాంతులు ఎక్కువగా ఇవి. రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల దాకా సాగేవి ఇంకొక రకం. ఇక మూడో రకం వుంది చూశారూ, మందు పడకముందే వచ్చేది. ముందు రెండుసార్లు బాధపడిన మనసు ఆ వాసన, ఆ గోడ, ఆ బస్సు బోర్డు అన్నిటినీ గుర్తు పెట్టుకుంటుంది. నందికొట్కూరులో మా వదినకు వచ్చింది ఇదే. అది నటనా కాదు, పిరికితనమూ కాదు. మొదటి రెండుసార్లు వాంతులను సరిగా ఆపగలిగితే ఈ మూడోది చాలావరకు రాదట. మేము అది పోగొట్టుకున్నాము.

ఇక ఆక్యుపంక్చర్ సంగతి. ఊళ్ళో ఒకావిడ చెప్పింది, ఫలానా ఊళ్ళో ఒకాయన సూదులు గుచ్చి వాంతులు ఆపుతాడని. సరే చూద్దామని ముందు నేనొక్కదాన్నే పోయాను. గోడ నిండా పటాలు, మనిషి బొమ్మ మీద చుక్కలు, గీతలు. నా మాట పూర్తిగా వినకుండానే, “ఆ ఇంగ్లీషు సూదులు మానిపించండి, నా దగ్గరికి నలభై రోజులు తీసుకురండి, గడ్డ మూలమే పోతుంది” అన్నాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. అమ్మా, ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. ఆక్యుపంక్చర్ కేన్సరును తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు. అట్లా చెప్పేవాడు చీనా నుంచి వచ్చినా, చిత్తూరు నుంచి వచ్చినా నమ్మకండి.

అట్లాగని ఆ విద్య మొత్తం బూటకమని కూడా అనలేను. మన దేశానికి అది వచ్చిన దారి కూడా గౌరవమైనదే. 1938లో, జపానుతో యుద్ధంలో వున్న చీనాకు సాయంగా మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్ళారు. వారిలో షోలాపూరు కోట్నీస్ గారు అక్కడే 1942లో కన్నుమూశారు. ఆయన మీద శాంతారాం తీసిన సినిమా మీలో కొందరి అమ్మగార్లు, అమ్మమ్మలు చూసే వుంటారు. ఆ ఐదుగురిలోనే ఇంకొకరు కలకత్తా డాక్టరు బిజయ్ కుమార్ బసు. ఆయన తరువాత 1950ల చివర మళ్ళీ చీనా పోయి ఈ సూదుల వైద్యం నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. అమెరికా వాళ్ళకు దీని మీద కుతూహలం పుట్టింది ఇంకా ఆలస్యంగా. 1971లో రెస్టన్ అనే పత్రికా విలేకరికి పెకింగులో ఉండుకం ఆపరేషను జరిగి, తరువాత కడుపు ఉబ్బరానికి సూదులు గుచ్చారు. ఆయన దాన్ని పేపర్లో రాశాడు. అక్కణ్ణుంచి మొదలైంది ఆ గోల.

వాంతుల దగ్గరికి వస్తే, ఈ పని పద్ధతిగా చేసి చూసినవారు బెల్‌ఫాస్ట్ నగరంలోని డండీ అనే మత్తు డాక్టరు. 1980లలో ముందు ఆపరేషను రోగుల్లో, ఆ తరువాత కేన్సరు మందు తీసుకునేవాళ్ళలో, మణికట్టు పైన వుండే ఒకే ఒక్క బిందువు మీద సూది పెట్టి చూశారు. గుణం కనిపించింది కాని ఎనిమిది గంటలకు మించి నిలవలేదు. అప్పుడాయన సముద్ర ప్రయాణాల్లో వాడే మణికట్టు పట్టీ కట్టి, రెండు గంటలకొకసారి నొక్కుకోమని చెబితే, ఆ గుణం ఇంకా కొంతసేపు సాగిందట. 2000 సంవత్సరంలో అమెరికాలో 104 మంది రొమ్ము కేన్సరు స్త్రీలతో ఇంకొక పరీక్ష అచ్చయింది. మామూలు మందులు మాత్రమే తీసుకున్నవాళ్ళకు ఐదు రోజుల్లో సుమారు 15 సార్లు వాంతులయితే, మందులతో పాటు సూదులకు సన్నని విద్యుత్తు కూడా పెట్టినవాళ్ళకు సుమారు 5 సార్లు అయ్యాయి. పైపైన ఉత్తుత్తిగా గుచ్చినవాళ్ళకు 10. చూశారా, ఉత్తుత్తి సూది కూడా కొంత పని చేసింది! పక్కన ఒకరు కూర్చుని చేయి పట్టుకుంటేనే కొంత తగ్గుతుందేమో అని నాకనిపిస్తుంది.

రెండో వైపు కూడా చెప్పాలి గదా. ఆ అమెరికా స్త్రీలకు ఇచ్చిన వాంతి మందులు పాతకాలానివి. 1990ల నుంచి ఆన్‌డాన్‌సెట్రాన్ అనే మాత్ర వచ్చింది. నేను చెప్పిన ఆ టెలిగ్రామును మధ్యలో పట్టుకునేది ఇదే. 2003లో జర్మనీలో ఈ మాత్ర ఇస్తున్న వాళ్ళకు అదనంగా సూది కూడా పెట్టి చూస్తే, పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. మణికట్టు పట్టీలను బ్రిటన్‌లో 500 మంది మీద పరీక్షిస్తే, అసలు పట్టీకీ ఉత్తుత్తి పట్టీకీ ఖచ్చితమైన తేడా తేలలేదు. కాబట్టి నా లెక్క ఇది: మాత్ర పెద్దకోడలు, నొక్కుడు చిన్నకోడలు. పెద్దకోడలు లేకుండా చిన్నకోడలితో సంసారం గడవదు.

మా వదిన డాక్టరు గారిని నేనే అడిగాను, గది బయట నిలబడి, ఆయన టీ తాగడానికి వస్తుంటే. ఆయన విసుక్కోలేదు. సూదులు మాత్రం వద్దన్నారు. ఈ మందుల వల్ల రక్తంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తెల్లకణాలు తక్కువగా వున్నప్పుడు సూదిపోటు నుంచి చీము పట్టవచ్చు, ప్లేట్‌లెట్లు తక్కువైతే రక్తం ఆగదు. గుచ్చించుకోవాలనుకుంటే రక్తపరీక్ష చూపించి, కేన్సరు డాక్టరు సరేనంటేనే, అప్పటికప్పుడు విప్పి ఒక్కసారే వాడి పారేసే సూదులతో, చదువుకున్నవాళ్ళ చేత. “నొక్కుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదమ్మా, మాత్రలు మాత్రం మానకూడదు” అన్నారు. అప్పుడే గూట్లోని అట్టల సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. మాత్రలు మార్చి, రాత్రికి ఇంకొక చిన్న మాత్ర కూడా రాశారు. ఓలాంజపిన్ అని, చవకదే. అది నిద్ర తెప్పిస్తుంది, పొద్దున లేచేటప్పుడు ఎవరైనా పట్టుకోవాలి.

ఇప్పుడు ఆ చోటు ఎక్కడో చెబుతాను, మీ చేయి చాపి చూసుకోండి. అరచేయి పైకి పెట్టండి. మణికట్టు దగ్గర మడత గీత కనిపిస్తుంది గదా. రెండో చేతి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మూడూ దగ్గరగా చేర్చి, ఉంగరపు వేలు గీతకు ఆనించి అడ్డంగా పెట్టండి. మోచేతి వైపు చూపుడు వేలు అంచు ఎక్కడ వస్తుందో అక్కడ, నడిమధ్యన, రెండు నరాల్లాంటి తాళ్ళు తగులుతాయి. పిడికిలి కొంచెం బిగిస్తే బాగా తెలుస్తాయి. ఆ రెండింటి మధ్య పల్లమే ఆ చోటు. కొలత రోగి వేళ్ళతోనే వేయాలి. నా వేళ్ళతో కొలిస్తే మా వదినకు తప్పింది, ఆమెవి సేద్యం చేసిన చేతులు. బొటనవేలితో రెండు మూడు నిమిషాలు, నొప్పి పుట్టకుండా గట్టిగా, గుండ్రంగా తిప్పుతూ నొక్కాలి. చీనా వాళ్ళు ఆ చోటును నైగ్వాన్ అంటారు, లోపలి కనుమ అని అర్థమట. నల్లమల పక్కన పుట్టిపెరిగిన మా వదినకు ఆ పేరు బాగా నచ్చింది. “కనుమ మూసేస్తే పైకి రాదన్నమాట” అన్నది.

ఇక్కడ మాకొక చిక్కు వచ్చింది. ఆమెకు ఎడమ చంకలో గ్రంథులు తీసేశారు. అటువైపు చేయి వాచే ప్రమాదం వుంటుంది కాబట్టి దాన్ని నొక్కడం, గుచ్చడం వద్దు. మిగిలింది కుడి చేయి. దాన్ని ఎడమ చేత్తో నొక్కుకుందామంటే ఆపరేషను అయిన వైపు బలం చాలదు. పైగా ఎర్రసూది ఎక్కేదీ కుడి చేతికే. ఆ మందు నరం దాటి బయటికి కారితే కండ పుండయిపోతుంది. కాబట్టి మందు ఎక్కుతున్నంతసేపు ఆ చేతిని ఎవరూ ముట్టుకోకూడదని నర్సమ్మ గట్టిగా చెప్పింది. అందుకని మేమొక ఏర్పాటు చేసుకున్నాం. పోయేటప్పుడు బస్సులో, సూది తీసి కట్టు కట్టాక ఆ గుచ్చిన చోటు తప్పించి, ఇంటికి వచ్చాక రెండు గంటలకొకసారి. నొక్కే ఉద్యోగం మనవరాలిది. తొమ్మిదేళ్ళ పిల్ల, గడియారం చూడటం కొత్తగా బాగా వచ్చింది. కాటుకతో అవ్వ చేతి మీద చుక్క పెట్టి, ఒకటి నుంచి నూటయాభై దాకా లెక్కపెట్టేది.

మూడో సూదికి వదిన వారం ఆలస్యంగా వచ్చింది. మాత్ర ముందే వేసుకుని బయలుదేరింది. నందికొట్కూరులో మళ్ళీ కడుపు తిప్పిందట. పిల్ల చేయి పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది, బస్సు కదిలింది, వాంతి కాలేదు. ఆ రాత్రి రెండుసార్లు అయింది. మరునాడు వికారం వుంది గాని వాంతి లేదు. ఇందులో మాత్ర ఎంత, నొక్కుడు ఎంత, పిల్ల ఎంత అంటే నేను చెప్పలేను. చాలావరకు మాత్రేనని నా నమ్మకం. వదిన మాత్రం అంతా పిల్లదే అంటుంది.

ఆమెకు తిండి పెట్టేటప్పుడు నేను నేర్చుకున్నవి కొన్ని వున్నాయి. వేడి వేడి అన్నం వద్దు. వేడి పదార్థానికి వాసన ఎక్కువ, చల్లారాక పెడితే పోతుంది. పొద్దున లేస్తూనే మంచం మీదనే గుప్పెడు ఉత్త బొరుగులు నమిలితే కడుపు కాస్త కుదురుకుంటుంది. నీళ్ళు గ్లాసెడు ఒక్కసారి కాకుండా గుక్క గుక్కగా. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి: సూది రోజున ప్రేమకొద్దీ ఇష్టమైన వంట చేసి పెట్టకండి. వాంతి అయితే ఆ వంట మీదే జన్మంతా అసహ్యం పుడుతుంది. మేము తెలియక మొదటిసారి ఊరిబిండి కట్టి పంపాం. ఫలితం మీకు మొదట్లోనే చెప్పాను.

ఈ సూదుల మందుల చరిత్ర చదువుతుంటే మన పేరు ఒకటి కనిపించి నాకు ఒళ్ళు పులకరించింది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో అమెరికా పోయారు. కేన్సరుకు వాడిన తొలి మందుల్లో కొన్ని, ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్‌తో సహా, ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948లో రక్త కేన్సరు పిల్లల్లో ఆ తరహా మందు పని చేసినట్టు బయటికి వచ్చిన సంవత్సరమే ఆయన పోయారు. ఈ సంగతి చెబితే వదిన ఒక్క క్షణం ఆలోచించి, “అంత చదువుకున్నాయన వాంతులు కాని మందు కనిపెట్టకపాయె!” అన్నది. ఆమెను నవ్వుతూ చూసి అప్పటికి రెండు నెలలయింది.

ఇక మానకుండా ఆసుపత్రికి పోవలసిన గుర్తులు చెప్పి ముగిస్తాను. ఒక పూటంతా గుక్కెడు నీళ్ళు కూడా లోపల నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగుకు తిరిగినా, వాంతిలో రక్తం కనిపించినా, లేవగానే కళ్ళు తిరిగి పడిపోతున్నా, అది నొక్కుడుతో పోయేది కాదు. సూది మందు నడుస్తున్న రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు చేరిందంటే తెల్లారేదాకా ఆగవద్దు. పారాసెటమాల్ ఇచ్చి పడుకోబెట్టవద్దు, ఆ రాత్రే తీసుకుపోండి. ఇంట్లో థర్మామీటరు లేకపోతే ఇవాళే కొనిపెట్టుకోండి. డాక్టరు రాసిన మాత్రల అట్ట తీసి, ఏది వాంతికి, ఏది నొప్పికి, ఏది ఎప్పుడు అని నర్సమ్మను అడిగి, అట్ట వెనకే పెన్నుతో తెలుగులో రాయించుకోండి. నేను ఇప్పుడు అట్లాగే చేస్తున్నాను, జలుబు మాత్రకు కూడా.

వదినకు నాలుగు ఎర్రసూదులూ అయ్యాక మందు మార్చారు. దానితో ఇంత వాంతులు లేవు, కాళ్ళు తిమ్మిర్లు మాత్రం వచ్చాయి. అవి ఇంకా పూర్తిగా పోలేదు. పోయిన పండక్కి వెళితే రొట్టెలు కాలుస్తోంది. “ఊరిబిండి చేసినా, నువ్వు తిను, నాకింకా వాసన పడదు” అని, గిన్నె నా వైపు తోసింది.